మోగని మాను

ఇన్నేళ్లుగా నేను ఒక మానును మోస్తున్నాను. నల్లమద్ది మాను. అది ఎప్పుడో సముద్రంలో మునిగిపోయింది. దానితో పాటు మునగాల్సిన నేను మాత్రం తిరుపతిలో తలుపులూ కిటికీలూ చేసుకుంటూ, వేళకు తింటూ, ముసలివాణ్ణయ్యాను. దాని బరువు మునగలేదు. అది ఒడ్డునే, నా దగ్గరే ఉండిపోయింది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు చెప్పలేదు, ఆమె తెలియకుండానే పోయింది. ఏడాదికోసారి కొండెక్కి గుండు కొట్టించుకున్నానే గానీ, ఆ స్వామి ముందు కూడా నోరు విప్పలేదు. ఆయనకు తెలిసే ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను. తెలిసినవాడికి చెప్పేదేముంది, తెలియనివాళ్లకు చెప్పి ఏం లాభం? ఇట్లా రెండు వైపులా తలుపులు మూసుకుని బతికాను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడనీ. ఈ వయసులో ఆ కాళ్లతో ఎక్కడికి పోవాలి గనక?

మీరు నా ముఖం ఎరగరు. నేను మీ ముఖం ఎరగను. అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి. పేరు చెప్పేంత ధైర్యమే ఉంటే, చెప్పాల్సిన మనిషి పక్క గదిలోనే ఉంది, ఆమెకే చెప్పేవాణ్ణి.

మాది ఓడలు కట్టే ఇల్లు. తిరుపతిలో ఈ మాట అంటే నవ్వుతారు. కానీ మా తాతల ఊరు తూర్పున, స్వర్ణముఖి సముద్రంలో కలిసే వైపు. అక్కడ ఒక ఉప్పుకాలవ ఒడ్డున మా తాత పందిరి వేసి మొదలుపెట్టాడు. చేపలు పట్టే పడవలు కావు. తెరచాపలెత్తి, ఉప్పూ బియ్యమూ పెంకులూ నింపుకుని, సింహళం దాకా పోయి వచ్చే ఓడలు. కార్ఖానా అనే మాట మా ఇంట్లో ఎవరూ వాడలేదు. ఓడ ఉన్న పందిరి కిందే పొయ్యి, పొయ్యి పక్కనే మేము. పనివాళ్లందరికీ మా అమ్మే సంగటి కెలికి పెట్టేది. వాళ్లు మాకు మామలు, చిన్నాయనలు, అన్నలు. ఓడ నీళ్లలోకి దిగేముందు ఇంటి మనుషులంతా తలా ఒక మేకు కొట్టాలి. చంటిపిల్లలైనా సరే, తల్లి వాళ్ల చేతిని సుత్తికి తాకించి తను కొట్టేది. అట్లా మా ఇంట్లో పుట్టిన ప్రతివాడి మేకూ ఏదో ఒక ఓడలో ఉండేది.

ఓడ కొలతలు కాగితం మీద ఉండేవి కావు. మా ఇంట్లో చదువు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ అంతంత మాత్రం. తాత చెక్కించిన అచ్చుపలకలుండేవి. ఓడ పక్కటెముకలు ఎంత వంగాలో, ముక్కు ఎంత లేవాలో ఆ పలకలు పెట్టి చూసుకునేవాళ్లం. మొత్తం ఓడ నిలబడేది మాత్రం అడుగుదూలం మీద. అది ఒకే మాను అయి ఉండాలి, అతుకు ఉండకూడదు. అడుగుదూలం మంచిదైతే మిగతా తప్పులన్నీ సముద్రం మన్నిస్తుందనేవాడు మా నాయన.

ఆ దూలానికి మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. మానును తెచ్చి నేలమీద పడుకోబెట్టి, ఒక కొసన కొయ్యసుత్తితో కొడతారు. ఇంకో కొసన ఒకడు చెవి ఆనించి పడుకుంటాడు. మంచి మాను కంచులా మోగుతుంది. లోపల బోలు ఉన్నా, పుచ్చు ఉన్నా ఆ చప్పుడు దారిలో ఎక్కడో కూలబడిపోతుంది. విన్నవాడు లేచి, మాను మీద చెయ్యి వేసి, అందరూ వినేలా ఒక మాట చెప్పాలి. మాను మోగింది, ఇది నిలిస్తే నేను నిలుస్తాను అని. ఆ మాట చెప్పినవాడు ఓడ మొదటిసారి బయలుదేరినప్పుడు అందులో ఉండి తీరాలి. చెప్పిన నోరు ఒడ్డున, మునిగే ప్రాణం నీళ్లలో ఉండకూడదని మా తాత పెట్టిన నియమం అది.

వినేది మొదట మా నాయనే. కానీ ఈ పని ముందు తినేది చెవుల్నే. పలకల సందుల్లో దూది కూరడానికి, ఓడ పొట్టలో కూర్చుని రోజంతా ఉలి మీద సుత్తితో కొట్టాలి. ఆ చప్పుడు బయటికి పోదు, తిరిగి తిరిగి కొట్టేవాడి చెవుల్లోకే వస్తుంది. నడివయసు దాటకుండానే ఆయన చెవులు పోయాయి. చెవి దగ్గరికి పోయి గొంతు చించుకుని అరిస్తే తప్ప వినబడేది కాదు. మా ఇంట్లో మాటలు వీధి చివరికి వినబడేవని ఊళ్లో వేళాకోళం చేసేవాళ్లు. ఈ సంగతి గుర్తుంచుకోండి. దీనితో నాకు తర్వాత పని ఉంది.

మా అన్న సముద్రం మీద పుట్టినట్టుండేవాడు. నాకేమో నీళ్లంటే భయం. ఓడలు కట్టే ఇంట్లో పుట్టి మోకాలు తడిస్తే వణికేవాణ్ణి. ఒకసారి సింహళం తీసుకుపోతే పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కక్కుతూనే ఉన్నాను. ఎవరూ పెద్దగా తిట్టలేదు. నవ్వారంతే. ఆ నవ్వే నాకు ముల్లయింది. కానీ నా చెవులు మంచివి. అందుకని నాయన నన్ను దగ్గరికి తీసుకుని, "ఇంక నీ సెవే నా సెవి" అన్నాడు. నా బతుకులో నాకు దొరికిన గౌరవం అదొక్కటే. దాన్నే నేను అమ్ముకున్నాను.

యుద్ధం వచ్చింది. జపాన్ వాళ్లు బాంబులు వేస్తారని మద్రాసు సగం ఖాళీ అయింది. మా తీరంలో కూడా జనం మూటలు కట్టారు. మా నాయన మమ్మల్నందర్నీ, అచ్చుపలకల్తో సహా బండ్లకెక్కించి ఏర్పేడు దగ్గర స్వర్ణముఖి ఒడ్డుకు తెచ్చాడు. అడవి దగ్గర, రైలు దగ్గర. సముద్రం లేకపోతేనేం, ఓడను ఇక్కడే నిలబెట్టి చూసి, విప్పి, ముక్కలుగా బండ్ల మీద తీరానికి తోలి అక్కడ మళ్లీ కూర్చవచ్చు అన్నాడు. పొగఓడలన్నీ యుద్ధానికి పోయాయి. తెరచాప ఓడ ఎవరి దగ్గరుంటే వాళ్లకు పని. అందుకే ఈసారి పెద్దది కట్టాలనుకున్నాడు. తాత కొలత కంటే ఒక మూర పొడవు పెంచాడు. తాత కొలత దాటడం మా ఇంట్లో అదే మొదలు.

ఎండిపోయిన ఏటి ఒడ్డున ఓడ ఎముకలు లేస్తుంటే ఊరి జనం వచ్చి చూసిపోయేవాళ్లు. "ఏమప్పా, ఈడ సముద్రం యాడుండాది? ఏడుకొండలెక్కను కడతా ఉండారా?" అని ఆటపట్టించేవాళ్లు. మా అన్న వాళ్లకు తగ్గట్టే జవాబిచ్చేవాడు. ఆ రోజుల్లో మేమందరం సంతోషంగా ఉన్నామనే నాకు గుర్తు. మా వదిన కూడా. ఆమె బంగారుపాళ్యం మామిడితోపుల మనిషి. సముద్రం పక్క కాపరం ఆమెకు నచ్చలేదు. ఏర్పేడుకు వచ్చాక పుట్టిల్లు దగ్గరైందని ముఖం విచ్చుకుంది.

ఆ ఎముకలు లేవకముందే, అడుగుదూలం తెచ్చే పని నాయన నాకు అప్పగించాడు. ఒంటరిగా ఒక పని అప్పగించడం అదే మొదటిసారి. మామండూరు అడవిలో కొట్టుకోవడానికి అనుమతి ఉంది. బయలుదేరేటప్పుడు ఒకటే చెప్పాడు. వాగులో కాళ్లు పెట్టుకుని నిలబడిన మద్దిని తేవద్దు, అది తొందరగా ఎదుగుతుంది, గుండె మెత్తన. గుట్ట మీద రాళ్లలో పెరిగినదాన్నే తెమ్మన్నాడు.

గుట్ట మీది మానును నేను చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. కానీ దాన్ని కిందికి దించాలంటే రోజులు పడుతుంది. ఎండ మండుతోంది. బండ్లవాళ్లు గొణుగుతున్నారు. వాగు పక్కన ఇంకొకటి ఉంది. ఎంత నిటారుగా ఉందంటే, దాన్ని చూస్తే మా నాయన కూడా ఒక నిమిషం తన మాట మరిచిపోయేవాడనిపించింది. కొట్టించాను. అంతే. బద్ధకం. పెద్ద పాపాలకు పెద్ద కారణాలుంటాయని మీరనుకుంటున్నారేమో. నాకు ఎండ తగిలింది, నడవబుద్ధి కాలేదు.

కొమ్మలు నరుకుతుంటే ఒక చోట పాత కొమ్మ విరిగిన గుంట కనబడింది. తడిగా ఉంది. వేలు పెడితే లోపలికి పోయింది. చీమలు వచ్చాయి. అప్పుడే ఆ మానును వదిలేసి గుట్టెక్కి ఉండొచ్చు. ఎందుకు ఎక్కలేదు? ఉత్త చేతులతో తిరిగి పోతే అన్న నవ్వుతాడని. ఒక్క పని చెబితే అదీ చెయ్యలేకపోయాడంటారని. నేను ఆ గుంటను గీకి, అదే మద్ది చెక్కతో బిరడా చేసి బిగించి, రంపపుపొట్టూ గుగ్గిలమూ నూనెలో మరిగించి పూశాను. సందులు మూసే ఆ విద్య మా నాయన నేర్పిందే. బాగా నేర్చుకున్నాను. కొట్టిన నాకే ఆ చోటు వెతికితే గానీ దొరకలేదు.

ఇక వినండి, ఆ రోజు ఏం జరిగిందో. మానును ఇసుక మీద పడుకోబెట్టారు. మా అమ్మ పసుపు నీళ్లు చల్లింది. అందరూ చుట్టూ నిలబడ్డారు. నాయన ఆ కొసన కూర్చున్నాడు. నేను ఈ కొసన పడుకుని చెవి ఆనించాను. ఆయన సుత్తి ఎత్తి కొట్టాడు.

చప్పుడు రాలేదు. రాలేదంటే, వచ్చింది, కానీ దిండు మీద కొట్టినట్టు వచ్చింది. ఆయన మళ్లీ కొట్టాడు. మళ్లీ అంతే. ఆ మాను పొడవునా ఎక్కడో ఒక పెద్ద ఖాళీ ఉందని, నేను మూసింది దాని వాకిలి మాత్రమేనని నాకు తెలిసిపోయింది. తల తిప్పి చూశాను. ఆయన అటువైపు నుంచి నన్నే చూస్తున్నాడు. ఆయనకు ఏమీ వినబడదు. ఆయన నా ముఖాన్ని వింటున్నాడు. అప్పటికే ఆ ముఖంలో నవ్వు మొదలవుతోంది, చిన్నకొడుకు ఇంత మంచి మాను తెచ్చాడని.

నేను నవ్వాను. లేచి చెయ్యి వేసి, ఆయనకు వినబడేంత గట్టిగా అరిచాను. "మాను మోగింది నాయనా. ఇది నిలిస్తే నేను నిలుస్తా."

ఆయన వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. అట్లా ఎప్పుడూ చేసేవాడు కాడు.

ఆ తర్వాత దూలాన్ని చెక్కేటప్పుడు బిరడా ఉన్న వైపు నేనే పట్టుకున్నాను. దాన్ని అడుగువైపుకు తిప్పించాను. రోజూ అనుకునేవాణ్ణి, ఇవాళ చెబుతానని. పక్కటెముకలు లేచాయి. రేపు చెబుతాననుకున్నాను. ఓడను విప్పి బండ్లకెత్తారు. తీరంలో భయం తగ్గింది, పందిరి కింద మళ్లీ కూర్చారు. పలకలు ఎక్కాయి. అందరూ మేకులు కొట్టారు. నేనూ కొట్టాను. వదిన కొడుతూ వేలికి దెబ్బ తగిలించుకుని నవ్వింది. ఒక్కో మేకుతో నా నోరు ఇంకొంచెం బిగిసింది. తేలు కుట్టిన దొంగ ఎక్కడైనా అరుస్తాడా?

మాఘమాసంలో ఓడ సింహళానికి బయలుదేరాలి. నడిపించడానికి వేరే సరంగును కుదిర్చారు. అన్న ఆ ప్రయాణంలో లేడు. వదిన తమ్ముడి పెళ్లికి ఇద్దరూ బంగారుపాళ్యం పోవాలి. ఆమె పెట్టె సర్దుకుని కూర్చుంది. కట్టుబాటు ప్రకారం ఎక్కాల్సింది నేను.

ముందు రోజు నుంచీ నాకు అన్నం దిగలేదు. మామూలుగా నాకున్న నీళ్ల భయమేనని అందరూ అనుకున్నారు. నిజం చెప్పాలంటే చావాలని కూడా ఒక ఆలోచన వచ్చింది. ఎక్కేద్దాం, మునిగితే మునుగుదాం, లెక్క సరిపోతుంది అనుకున్నాను. ఆ ఆలోచన ఒడ్డు దాకానే నిలిచింది. ఇసుకలో కాళ్లు కదలలేదు. అప్పుడు అన్న వచ్చాడు. ఆ మాటలు నాకు ఇప్పటికీ ఒక్క అక్షరం పోకుండా గుర్తున్నాయి.

"ఏందిరా, మొగం అట్లయిపోయింది?" అన్నాడు.

"ఏం లేదన్నా."

"నువ్వు ఎక్కొద్దులే. దావ పొడుగునా కక్కి సస్తావు. నీ బదులు నేను పోయొస్తా."

"పెండ్లి ఉండాది కదన్నా. వదిన ఏమంటాది?"

"అనేదేముండాది, నాలుగు దినాలు అలుగుతాది. ఆమెను బండెక్కించి పంపిస్తా, వచ్చినాంక పోయి పిల్సుకొస్తా." భుజం మీద చెయ్యి వేశాడు. "ఎవురో ఒగరు ఎక్కితే సాలు, ఇంటోళ్లమే కదా. మాను నిలుస్తాది కదా?"

తమాషాకే అడిగాడు. నవ్వుతూ అడిగాడు. కానీ అడిగాడు. ఒక్క మాట అడ్డం పెడితే ఆ ఓడలో ఎక్కాల్సినవాళ్లంతా ఒడ్డునే ఉండేవాళ్లు.

"నిలుస్తాదిలే అన్నా," అన్నాను.

ఆయన పంచె పైకి కట్టుకుని నీళ్లలోకి నడిచాడు. నాకు ఆ క్షణంలో కలిగింది దుఃఖం కాదు, మీ దగ్గర దాచడమెందుకు, హాయి. నేను ఎక్కనక్కర్లేదు అనే హాయి. దాన్ని తలుచుకున్నప్పుడల్లా నా మీద నాకే ఉమ్మాలనిపిస్తుంది.

ఓడ తిరిగి రాలేదు. కొయ్య పట్టుకుని తేలిన ఒక్క పనివాణ్ణి దక్షిణాన ఎవరో చేపలవాళ్లు తీశారు. అతను మా ఇంటికి వచ్చి చెప్పాడు. తుఫాను కాదు, జపాన్ వాళ్లూ కాదు. ఒక మోస్తరు అల మీద ఎక్కి దిగుతుంటే ఓడ నడుం విరిగిందట. అన్నతో పాటు ఉన్న సరంగూ, కళాసులూ, అందరూ పోయారు. వాళ్లకూ ఇళ్లున్నాయి. వాళ్ల ఇళ్లలో ఏడ్చిన ఆడవాళ్ల ముఖాలు నేను చూడటానికి పోలేదు.

నడుం విరిగిందన్న మాట మా నాయన చెవిలో అరిచి చెప్పాల్సి వచ్చింది. నేనే అరిచాను. ఆయన తన మోచేతి నుంచి వేలి కొస దాకా చూసుకున్నాడు. "మూర," అన్నాడు. "మూర పెంచితి."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. అది కాదు నాయనా అని. ఆయన కూలబడుతుంటే నేను పట్టుకున్నాను, అంతే.

వదిన పుట్టింటి నుంచి వచ్చింది. ఆమె ఏడ్చింది తక్కువ. మామ ముందు నిలబడి, "తాత కొలత మీకు సాల్లేదా మామా? నా మొగుణ్ణి మూరకు బలిస్తిరి గదా," అంది. ఆయనకు ఆ మాటలు వినబడలేదు. పెదవులు చూసి అర్థం చేసుకుని తల వంచుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన బతికినన్నాళ్లూ ఆమె ఆయనతో మాట్లాడలేదు. కంచం తెచ్చి ముందు పెట్టేది, ముఖం తిప్పుకునేది. అన్నం తక్కువ పెట్టింది లేదు. చూపే లేదు. ఆయన ఆ కంచం ముందు చేతులు జోడించి తినేవాడు. ప్రతి పూటా. నేను పక్కనే కూర్చుని తినేవాణ్ణి. ఆ కోపం నాది, నాకు వడ్డించాల్సింది, ఆయన కంచంలో పడుతోంది. ముద్ద ఎట్లా దిగిందని మీరు అడగవచ్చు. దిగింది. ఆకలి వేస్తుంది కదా.

ఓడల పని మానేశాం. తిరుపతిలో ఇల్లు తీసుకుని తలుపుల పనిలోకి దిగాం. ఒక పొద్దున నాయన అచ్చుపలకల్ని పెరట్లోకి తెచ్చి, నీళ్లు కాచే పొయ్యిలో పెట్టాడు. తాత చెక్కించినవి. వాటిని చూస్తే తప్ప ఎవరూ మళ్లీ ఆ ఓడ కట్టలేరు. ఒక్కొక్కటే కాలుతుంటే ఆయన చెయ్యి చాచాడు, నేను తర్వాతి పలక అందించాను. ఆ నీళ్లతోనే మేం స్నానాలు చేశాం. మా ఇంటి విద్య అట్లా అయిపోయింది.

ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. నాకొక జవాబుండేది. చెవిటి మనిషికి రహస్యం చెప్పాలంటే అరవాలి. అరిస్తే అమ్మ వింటుంది, వదిన వింటుంది, గోడ పక్కవాళ్లు వింటారు. రాసి చూపిద్దామంటే ఆయనకు చదువు రాదు. చూశారా, నాకెంత చక్కటి సాకు దొరికిందో. ఏ దొంగకైనా ఇంతకంటే ఏం కావాలి?

యుద్ధం ముగిసింది. అమ్మ పోయింది. స్వరాజ్యం కూడా వచ్చింది, వీధుల్లో మిఠాయిలు పంచారు. నాయన అప్పటికే మంచం పట్టాడు. ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచాడు. చెవిటివాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. గుసగుసగా చెబుతున్నాననుకుని ఆయన ఇల్లంతా వినబడేలా చెప్పాడు.

"మీ అన్నను నేనే సంపినాన్రా. తాత కొలత దాటితి. నువ్వు మంచి మాను తెచ్చిస్తివి, నేను సెడగొడితి. సచ్చేముందు అడగతా ఉండా, నన్ను మన్నిస్తావా?"

వంటింట్లో వదిన రోట్లో ఏదో నూరుతోంది. ఆ చప్పుడు ఆగింది. ఆమె వింటోంది.

నేను ఆయన చెవి మీదికి వంగాను. నా నోరు ఆయన చెవికి తగిలింది. అప్పుడు చెప్పాను. అవును, చెప్పాను. "నాయనా, మాను మోగలేదు. లోపల బోలు. నాకు తెలుసు." కానీ గాలితో చెప్పాను. గొంతు లేకుండా. నాకే సరిగా వినబడనంత మెల్లగా. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని సామెత, నేను శంఖం కూడా ఊదలేదు.

ఆయనకు నా ఊపిరి తగిలింది. పెదవులు కదలడం తెలిసింది. మన్నించానన్నాననుకున్నాడు. ముడతలు పడిన చెయ్యి ఎత్తి నా చెంప నిమిరి, "సాలు నాయనా, సాలు," అన్నాడు. కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. ఆ వారం తిరగకుండానే పోయాడు.

ఇదీ నా తప్పు. మాను తేవడం కాదు, బిరడా కొట్టడం కాదు, అన్నను ఎక్కనివ్వడం కూడా కాదేమో. అవి పిరికివాడి తప్పులు. నా పాపానికి మా నాయన నన్ను క్షమాపణ అడిగాడు, నేను ఇచ్చాను. ఏ గొంతు ఆయన దాకా పోదో ఆ గొంతును ఎంచుకుని మరీ ఇచ్చాను. అది తొందరలోనో భయంలోనో నోరు జారింది కాదు. తెలిసి చేశాను.

కర్మలన్నీ అయ్యాక వదిన నాతో అంది. "నువ్వు మన్నిస్తివి. నీది పెద్ద మనసప్పా. నా వల్ల కాలేదు." ఆ మాటకు కూడా నేను తల ఊపాను.

తర్వాత చెప్పేందుకేమీ లేదు. బతికాను. బజారులో నాకు మంచి పేరే ఉంది. ఏ మాను తెచ్చినా పది వంకలు పెడతానని, నేను ఒప్పుకున్న చెక్కకు తిరుగులేదని అంటారు. వాళ్లకు తెలియనిదేమంటే నేను మళ్లీ ఏ మానుకూ చెవి ఆనించలేదు. చెక్కను కొట్టి చూడాలంటే కుర్రాళ్లకు చెప్పి వీధిలోకి పోతాను. వదినను ఇన్నేళ్లుగా ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్నందుకు కూడా మెచ్చుకుంటారు. మరిది అంటే ఇట్లా ఉండాలంటారు. నా భార్య పోయాక ఇంట్లో మేమిద్దరమే ముసలివాళ్లం మిగిలాం. నాయన తద్దినం వచ్చినప్పుడల్లా ఆమె వంటంతా చేసి, పిండం పెట్టే వేళకు లేచి బయటికి పోతుంది. ఈ ఏడూ పోయింది. మొన్ననే. కర్ర ఊతంతో, నడవలేక నడవలేక, ఎండలో వీధి అరుగు మీదికి పోయి కూర్చుంది. చనిపోయినవాడి మీద కోపం మోయడానికి ఆమె ఎంత కష్టపడుతోందో చూశాక ఈ కాగితం తీసుకున్నాను. ఆమె కూడా అట్లాగే పోతే ఇక చెప్పడానికి ఎవరూ ఉండరు. నాకు కావలసింది అదేనా? ఇన్నాళ్లూ నేను కాచుక్కూర్చున్నది అందుకేనా? అయి ఉండొచ్చు. ఆ అనుమానమే నన్ను భయపెట్టింది.

ఇక్కడి దాకా రాసి కలం కింద పెట్టాను. మీకు చెప్పడం కూడా ఆ గాలిమాటే కదా అనిపించింది. మీరెవరో, ఎక్కడో. మీ చెవిలో కూడా నేను గొంతు లేకుండానే ఊదుతున్నాను. పక్క గదిలో వదిన చేటలో బియ్యం చెరుగుతోంది. ఆ చప్పుడు వింటూ కాసేపు కూర్చున్నాను.

తర్వాత అరిచాను. కూర్చున్నచోటి నుంచే, మా నాయనకు చెప్పాలంటే ఎంత గట్టిగా అరవాలో అంత గట్టిగా.

"వదినా, నాయన మూరలో తప్పు లేదు. మాను మోగలేదు. లోపల బోలు. నాకు తెలుసు. తెలిసే అన్నను ఎక్కనిచ్చినా."

ఆ గొంతు నాదేనని నాకు నమ్మకం కలగలేదు. ఛాతీలో ఏదో విడిపోయినట్టై, ఊపిరి పూర్తిగా లోపలికి పోయింది. అంతే, మాను బరువేమీ తగ్గలేదు.

చేట చప్పుడు ఆగింది.

ఆమె చెవులు బాగానే ఉన్నాయి. అయినా కాసేపటికి, "ఏమంటివి?" అంది.

నేను లేచాను. గడప దాటి, ఆమె ఎదుటికి పోయి నిలబడి, మళ్లీ చెప్పాను.